ఎముకనూ కండరాన్నీ విడదీసి చదవకండి

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. ఎముక రాయిలాంటి ప్రాణంలేని పదార్థమైతే విరిగినప్పుడు తనంతట తాను ఎలా అతుక్కుంటుందన్నది మొదటిది. కండరం ఎముకను కదిలిస్తుందని పాఠంలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు, అసలు ఎలా కదిలిస్తుందన్నది రెండవది. కుడి తుంటి నొప్పిగా ఉన్నవారిని చేతికర్ర ఎడమ చేత్తో పట్టుకోమని వైద్యులు ఎందుకంటారన్నది మూడవది. వీటితోపాటు ఎముకల పేర్లూ కండరాల పేర్లూ అన్నీ కంఠస్థం చేయక తప్పదా అని కూడా అడిగారు. శరీర నిర్మాణ శాస్త్రం బోధించడంలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఈ ప్రశ్నలు విడివిడిగా కనిపిస్తున్నా వీటన్నిటికీ మూలం ఒకటే. అస్థిపంజరాన్ని ఒక అధ్యాయంలోనూ కండరాలను మరో అధ్యాయంలోనూ అచ్చువేయడం పుస్తకం సౌకర్యం కోసమే గానీ శరీరంలో అలాంటి విభజన లేదు. ఎముక మోసే భారంలో ఎక్కువ పాలు మన ఒంటి బరువు కాదు, కండరాల లాగుడు. ఆ లాగుడు ఎంత ఉందో, ఎటు ఉందో పసిగట్టుకుంటూ ఎముక తన మందాన్నీ ఆకారాన్నీ జీవితాంతం సవరించుకుంటూ ఉంటుంది. ఈ సంగతి మనసులో పెట్టుకుని చదివితే మిగతా వివరాలు బట్టీ పట్టే అవసరం చాలావరకు తగ్గిపోతుంది.

ముందు ఎముక సంగతి చూద్దాం. ప్రయోగశాలలో వేలాడదీసిన అస్థిపంజరం విద్యార్థులను చాలా తప్పుదారి పట్టిస్తుంది. తెల్లగా, పొడిగా, కదిపితే టకటకమని చప్పుడు చేసే ఆ ఎముకలు ప్రాణం పోయాక మిగిలిన శేషం మాత్రమే. బతికున్న మనిషి ఎముక లేత గులాబీ రంగులో, తడిగా, పైన పలుచని పొర కప్పుకుని ఉంటుంది. దాన్ని కోస్తే రక్తం వస్తుంది. మోకాలి కింద ముందువైపు ఎముకకు బల్ల అంచు తగిలినప్పుడు ప్రాణం విలవిల్లాడేది నాడులు దట్టంగా అల్లుకున్న ఆ పైపొర వల్లనే.

మొదటి సంవత్సరం విద్యార్థులకు నేను ఏటా రెండు ఎముకలు చూపించేవాడిని. రెండూ పిక్కలో బయటివైపు ఉండే సన్నని ఎముకలే, అంటే ఫిబ్యులాలు. ఒకదాన్ని కొన్ని రోజులపాటు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి, కడిగి ఉంచేవాళ్ళం. చూడటానికి అది మామూలు ఎముకలాగే అదే పొడవుతో, అవే గరుకులతో, అవే గాళ్ళతో ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే మాత్రం రబ్బరు గొట్టంలా వంగిపోతుంది, ఓపికగా చేస్తే ముడి కూడా వేయవచ్చు. రెండవదాన్ని బాగా కాల్చి ఉంచేవాళ్ళం. దాని ఆకారమూ చెక్కుచెదరదు, కానీ వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే సుద్దముక్కలా పొడి అవుతుంది. ఆమ్లం ఖనిజాన్ని కరిగించి కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులను మిగిల్చింది, నిప్పు పోగులను కాల్చివేసి ఖనిజాన్ని మిగిల్చింది. రెండూ ఒకదానిలో ఒకటి ఎంతగా అల్లుకుపోయి ఉంటాయంటే, ఏ ఒక్కటి మిగిలినా ఎముక పూర్తి ఆకారం మిగులుతుంది, కానీ ఎముక బలం మిగలదు. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం, ఫాస్ఫేటు ఖనిజం. తక్కినదానిలో ఎక్కువ భాగం కొల్లాజెన్, కొంత నీరు. నొక్కుడును తట్టుకునే పని ఖనిజానిది, లాగుడును తట్టుకునే పని కొల్లాజెన్‌ది. చిన్నపిల్లల ఎముకలో ఖనిజం పాలు తక్కువ కనుక అది పచ్చికొమ్మలా ఒక పక్క చీలి రెండో పక్క వంగి ఊరుకుంటుంది, వృద్ధుల ఎముక ఎండుపుల్లలా పుటుక్కున విరుగుతుంది.

ఈ గట్టి పదార్థం మధ్యలోనే కణాలు కాపురం ఉంటాయి. ఎముక ముక్కను వెలుతురు దూరేంత పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, కోసిన చెట్టు మొద్దు మీద కనిపించే వలయాల్లాంటివి పక్కపక్కనే గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. ఒక్కొక్క గుంపు అడ్డుకొలత మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. దాని నడుమ రక్తనాళం నడిచే సన్నని కాలువ ఉంటుంది. ఇంగ్లండు వైద్యుడు క్లాప్టన్ హావర్స్ 1691లో వీటిని వర్ణించాడు కనుక ఇవి ఆయన పేరుతోనే హావర్షియన్ కాలువలయ్యాయి. వలయాల మధ్య చిన్న చిన్న గూళ్ళలో ఆస్టియోసైట్లు అనే కణాలు ఉంటాయి. ఇవి వెంట్రుకకన్నా సన్నని దారుల గుండా చేతులు చాచి పక్క గూటిలోని కణాన్ని తాకుతూ ఉంటాయి. ఎముక మీద ఒత్తిడి పడినప్పుడల్లా ఆ దారుల్లోని ద్రవం కొద్దిగా కదులుతుంది, ఆ కదలికే ఈ కణాలకు కబురు. వాటి సూచనల ప్రకారం ఆస్టియోక్లాస్టులు పాత ఎముకను తొలిచివేస్తాయి, వాటి వెనకాలే ఆస్టియోబ్లాస్టులు వచ్చి కొత్త ఎముకతో ఆ గుంటను పూడుస్తాయి. పెద్దవారి అస్థిపంజరంలో సుమారు పదో వంతు ఏటా ఇలా కొత్తది అవుతుంది.

ఎముక తన మీద పడే భారానికి తగినట్టు తనను మలచుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వుల్ఫ్ 1892లో సిద్ధాంతీకరించాడు. చిన్ననాటి నుంచి టెన్నిస్ ఆడినవారిలో రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముకకన్నా మందంగా ఉంటుంది. వ్యోమగాముల్లో దీనికి విపరీతం కనిపిస్తుంది. వ్యాయామం చాలకపోతే వారి తుంటి ప్రాంతపు ఎముక నెలకు సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం ఖనిజాన్ని పోగొట్టుకుంటుంది. వారు తినే ఆహారంలో కాల్షియం తక్కువై కాదు, అక్కడ ఎముకను కండరం గట్టిగా లాగవలసిన పని లేక.

ఇక్కడ మీ మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది. విరిగిన ఎముక అతుక్కోవడమంటే ఈ నిత్య మరమ్మతే పెద్ద ఎత్తున జరగడం. విరిగినచోట రక్తం చేరి గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో ఆ గడ్డ స్థానంలో మృదులాస్థి, పీచు కణజాలం కలిసిన మెత్తని అతుకు తయారవుతుంది. ఆ తరువాతి వారాల్లో దానిలో ఖనిజం చేరి గట్టి బొడిపెలాంటి ఎముక ఏర్పడుతుంది. ఆపైన నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి, ఆస్టియోక్లాస్టులు అక్కర్లేని మందాన్ని తొలిచివేసి పాత ఆకారాన్ని తిరిగి తెస్తాయి. చర్మం లోతుగా తెగినా, గుండె కండరం దెబ్బతిన్నా అక్కడ మచ్చ కణజాలమే మిగులుతుంది. ఎముక మాత్రం మచ్చ లేకుండా ఎముకగానే మళ్ళీ పుడుతుంది. ఇన్నేళ్ళు చదివినా, చెప్పినా, నాకు ఇది ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

ఎముకకు వేరే పనులూ ఉన్నాయి, వాటిని క్లుప్తంగా చెబుతాను. ఒంటిలోని కాల్షియంలో 99 శాతం, అంటే సుమారు కిలో, ఎముకల్లోనూ పళ్ళలోనూ ఉంటుంది. రక్తంలో ఉండేది అత్యల్పం, కానీ గుండె కొట్టుకోవడానికీ నాడులు పనిచేయడానికీ ఆ అత్యల్పమే ముఖ్యం. అది తగ్గినప్పుడు పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోను ఎముక నుంచి కాల్షియాన్ని విడిపిస్తుంది, శరీరం గుండెను కాపాడుకోవడానికి ఎముకను ఖర్చు పెడుతుందన్నమాట. ఎముకలోని ఎర్ర మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర రక్తకణాలను తయారుచేస్తుంది.

పేర్ల గురించి మీ ఆందోళన నాకు తెలుసు. పెద్దవారిలో 206 ఎముకలన్నది అందరికీ తెలిసిన లెక్క. వాటిలో 80 శరీరం నడిమి ఇరుసుకు చెందినవి, అంటే పుర్రె, వెన్నెముక, పక్కటెముకలు, రొమ్ము ఎముక, నాలుక మూలంలోని హయాయిడ్, చెవుల్లోని ఆరు చిన్న ఎముకలు. తక్కిన 126 కాళ్ళకూ చేతులకూ చెందినవి. ఒక్కొక్క చేతిలో మణికట్టు నుంచి వేలి కొసల దాకా 27, ఒక్కొక్క పాదంలో 26. ఈ నాలుగింటిలోనే 106 ఎముకలు, అంటే మొత్తంలో సగానికి పైగా! పట్టుకోవడానికీ నేలకు తగినట్టు పాదం సర్దుకోవడానికీ ఎన్ని సూక్ష్మమైన కదలికలు కావాలో ఈ ఒక్క లెక్క చెబుతుంది. పుట్టిన బిడ్డలో ఎముకల సంఖ్య 270 నుంచి 300 దాకా ఉంటుంది, ఎదిగేకొద్దీ కొన్ని కలిసిపోతాయి. పసిబిడ్డ మాడు మెత్తగా ఉండేది పుర్రె ఎముకల మధ్య ఖాళీ ఇంకా పూడకపోవడం వల్ల, అది సుమారు ఏడాదిన్నరకు మూసుకుంటుంది. కాలరు ఎముకది విచిత్రమైన కథ. గర్భంలో అన్నిటికన్నా ముందు, అయిదారు వారాలకే గట్టిపడటం మొదలుపెట్టే ఈ ఎముక, రొమ్ము వైపు కొన దగ్గర మాత్రం ఇంచుమించు పాతికేళ్ళ వయసుకు గానీ పూర్తికాదు.

కంఠస్థం చేయడం మొదలుపెట్టే ముందు, పేరు ఏం చెబుతోందో వినండి. కాలరు ఎముక పేరు క్లావికిల్ అంటే లాటిన్‌లో చిన్న తాళంచెవి, మోకాలి చిప్ప పేరు పటెల్లా అంటే చిన్న పళ్ళెం, మణికట్టులోని స్కాఫాయిడ్ అంటే గ్రీకులో పడవ లాంటిది. నోరు తిరగని స్టెర్నోక్లీడోమాస్టాయిడ్ అనే పేరు నిజానికి ఆ కండరం చిరునామా, రొమ్ము ఎముక దగ్గరా కాలరు ఎముక దగ్గరా మొదలై చెవి వెనుక మాస్టాయిడ్ దగ్గర ముగుస్తుందని అర్థం. ఇప్పుడే మీ చెవితమ్మె వెనుక వేలు పెట్టి చూడండి, కిందికి దిగిన గట్టి బొడిపె తగులుతుంది. అదే మాస్టాయిడ్ బొడిపె. పుట్టిన బిడ్డకు అది దాదాపు ఉండనే ఉండదు. బిడ్డ తల నిలిపి, అటూ ఇటూ తిప్పి చూడటం మొదలుపెట్టాక, పైన చెప్పిన మెడ కండరం రోజూ లాగగా లాగగా ఎముక అక్కడ పెరిగి బొడిపె కడుతుంది. ఎముకల మీద కనిపించే గరుకులు, గట్లు, బొడిపెలు చాలావరకు ఇలాంటివే. వాటిలో ఎక్కువ భాగం కండరమో, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనమో పట్టుకుని లాగిన చోట్లు. ఎముకను చేతిలో పెట్టుకుని దాని మీది ప్రతి గరుకునూ తడుముతూ, ఇక్కడ ఎవరు లాగారని అడుగుతూ చదివిన విద్యార్థి పేర్లు మరచిపోవడం నేను అరుదుగా చూశాను.

ఇక రెండవ ప్రశ్న. కండరాలు మూడు రకాలు. గుండె కండరం ఒకటి, పేగులు, రక్తనాళాల గోడల్లో ఉండే నునుపు కండరం ఒకటి, ఎముకలను కదిలించే అస్థి కండరం ఒకటి. మన చర్చ మూడవదాని గురించి మాత్రమే. ఇవి 600కు పైగా ఉంటాయి, వయోజన పురుషుల్లో ఒంటి బరువులో సుమారు 40 శాతం, స్త్రీలలో అంతకన్నా కొంత తక్కువ. కండరాన్ని విప్పుకుంటూ పోతే కట్టలు, కట్టల్లో పోగులు, పోగుల్లో ఇంకా సన్నని మయోఫైబ్రిళ్ళు, వాటి పొడవునా గొలుసులో లంకెల్లా సార్కోమియర్లు కనిపిస్తాయి. ఒక సార్కోమియర్ పొడవు సుమారు రెండున్నర మైక్రోమీటర్లు, అంటే 10 సెంటీమీటర్ల పోగులో అవి వరసగా 40 వేలు ఉంటాయి. ప్రతి సార్కోమియర్‌లోనూ మయోసిన్ అనే మందపు తంతువులూ ఆక్టిన్ అనే సన్నని తంతువులూ రెండు చేతుల వేళ్ళు ఒకదానిలో ఒకటి జొనిపినట్టు అమరి ఉంటాయి. కండరం ముడుచుకున్నప్పుడు ఈ తంతువులు పొట్టివి కావు, ఒకదాని మీదుగా ఒకటి జారి మరింత లోపలికి దూరుతాయి. ఈ విషయాన్ని 1954లో రెండు బృందాలు ఒకే పత్రిక ఒకే సంచికలో వేర్వేరుగా ప్రకటించాయి. ఒక బృందంలో ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్గెర్కె ఉన్నారు, రెండవదానిలో హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ ఉన్నారు. ఇంటిపేరు ఒకటే అయినా ఇద్దరు హక్స్‌లీలకూ చుట్టరికం లేదు.

జారడం ఎలా మొదలవుతుంది? నాడి నుంచి సంకేతం రాగానే పోగు లోపలి సంచుల్లో దాచి ఉన్న కాల్షియం బయటికి వస్తుంది, ఆక్టిన్ మీద కప్పుకుని ఉన్న అడ్డు తొలగుతుంది, మయోసిన్ తలలు ఆక్టిన్‌ను పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, మళ్ళీ కాస్త ముందు పట్టుకుని లాగుతాయి. ఇక్కడ విద్యార్థులు సాధారణంగా పొరబడే చోటు ఒకటి ఉంది. ఏటీపీ అనే శక్తి అణువు లాగడానికి మాత్రమే కావాలని అనుకుంటారు, కానీ పట్టు వదలడానికి కూడా అదే కావాలి. మనిషి చనిపోయిన కొన్ని గంటలకు ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోవడానికి కారణం ఇదే. ఏటీపీ తయారీ ఆగిపోయింది కనుక మయోసిన్ తలలు పట్టుకున్న పట్టు వదలలేక అలాగే ఉండిపోతాయి. మాంసకృత్తులు క్షీణించడం మొదలయ్యాక, ఒకటి రెండు రోజుల తరువాత గానీ ఆ బిగువు సడలదు.

లాగే బలాన్ని పెంచడం, తగ్గించడం కూడా చక్కని ఏర్పాటుతో జరుగుతుంది. ఒక నాడీకణం కొన్ని పోగులను తన అధీనంలో ఉంచుకుంటుంది. అది సంకేతం పంపితే ఆ పోగులన్నీ కలిసే ముడుచుకుంటాయి. కంటిగుడ్డును తిప్పే కండరాల్లో ఒక్కో నాడీకణం కింద పది పోగుల వరకే ఉంటే, పిక్క కండరంలో వెయ్యికి పైగా ఉంటాయి. కన్ను అక్షరం నుంచి అక్షరానికి తప్పకుండా కదలడానికీ, పిక్క ఒంటి బరువు మొత్తాన్ని మునివేళ్ళ మీదకు ఎత్తడానికీ ఈ తేడా సరిగ్గా సరిపోయింది.

కండరం గురించి మరచిపోకూడని నియమం ఒకటుంది. అది లాగగలదు గానీ తోయలేదు. తలుపును మీరు చేత్తో తోసినప్పుడు కూడా లోపల జరిగింది లాగుడే. దండచేయి వెనుక ఉన్న ట్రైసెప్స్ మోచేతి ఎముక కొనను పైకి లాగింది, ఆ లాగుడుకు చేయి తిన్నగా చాచుకుని తలుపును నెట్టింది. అందుకే కండరాలు ఎదురెదురుగా ఉంటాయి, ఒకటి వంచితే మరొకటి చాస్తుంది. చేయి వంచే కండరమంటే అందరూ దండచేయి ముందువైపు ఉన్న బైసెప్స్ అని చెబుతారు, కానీ ఆ పనిలో ప్రధాన పాత్ర బైసెప్స్ కింద దాగి ఉన్న బ్రేకియాలిస్ అనే కండరానిది. బైసెప్స్‌కు మరో ముఖ్యమైన పని ఉంది, దాన్ని మీరే పరీక్షించుకోవచ్చు. మోచేతిని సమకోణంలో వంచి, అరచేతిని నేల వైపు పెట్టి, రెండో చేతి వేళ్ళను బైసెప్స్ మీద ఆనించండి. ఇప్పుడు మోచేతిని ఏమాత్రం వంచకుండా అరచేతిని బలంగా ఆకాశం వైపు తిప్పండి. వేళ్ళ కింద కండరం ఉబ్బి గట్టిపడటం స్పష్టంగా తెలుస్తుంది. కుడిచేత్తో స్క్రూ బిగించడం విప్పడంకన్నా సులువుగా ఉండటానికి ఇదే కారణం, బిగించే తిప్పుడులో బైసెప్స్ కలిసివస్తుంది.

అలాగే ముంజేతిని రెండో చేత్తో చుట్టి పట్టుకుని వేళ్ళను ఒక్కొక్కటిగా ఆడించి చూడండి, కదలిక ముంజేతిలో తెలుస్తుంది. వేళ్ళలో ఎముకలను కదిలించే కండరం ఒక్కటి కూడా లేదు. వాటిని వంచే కండరాలు అరచేతిలోనూ ముంజేతిలోనూ ఉండి, స్నాయుబంధనాలు అనే గట్టి తాళ్ళతో దూరం నుంచే లాగుతాయి. ఈ తాడు ఎముకకు జిగురు పెట్టినట్టు పైపైన అతుక్కుని ఉండదు. చాలాచోట్ల తాడు మెల్లగా పీచు మృదులాస్థిగా, తరువాత ఖనిజం చేరిన మృదులాస్థిగా, ఆపైన ఎముకగా మారుతుంది. మెత్తని పదార్థం గట్టి పదార్థాన్ని ఒక్కసారిగా కలిసిన చోట తెగే ప్రమాదం ఎక్కువ. ఈ మెట్లు ఆ ప్రమాదాన్ని తప్పిస్తాయి.

కీళ్ళ గురించి ఎక్కువ చెప్పను. భుజం, తుంటి బంతిగిన్నె కీళ్ళనీ, మోచేయి మడతబందు కీలనీ మీకు తెలుసు. గుర్తుంచుకోవలసింది మృదులాస్థి సంగతి. కీలులో ఎముకల కొనలను కప్పి ఉండే ఈ నున్నని పొరలో రక్తనాళాలు లేవు, నాడులూ లేవు. కీలు కదిలినప్పుడు నొక్కుడు పడి, విడిచి, చుట్టూ ఉన్న ద్రవం లోపలికీ బయటికీ ఆడితేనే దానికి పోషణ అందుతుంది. నాడులు లేవు కనుక అరుగుదల మొదట్లో నొప్పి తెలియదు, రక్తం లేదు కనుక గాయం సులువుగా మానదు. ఎముకకూ మృదులాస్థికీ మధ్య ఇంత పెద్ద తేడా ఉందని తెలిస్తే, కాలు విరిగినవారు మళ్ళీ పరుగెత్తగలిగి, మోకాలు అరిగినవారు ఏళ్ళ తరబడి ఎందుకు బాధపడతారో అర్థమవుతుంది.

ఇప్పుడు లెక్క చేద్దాం, నా ఉద్దేశంలో ఈ విషయం మొత్తానికీ ఆయువుపట్టు ఇదే. మోచేతిని సమకోణంలో వంచి, అరచేతిలో 5 కిలోల బరువు పట్టుకున్నారనుకోండి. మోచేతి కీలు నుంచి అరచేతికి దూరం సుమారు 35 సెంటీమీటర్లు. కానీ బైసెప్స్ ముంజేతి ఎముకను పట్టుకునేది కీలుకు 4 సెంటీమీటర్ల దూరంలోనే. ముంజేతి సొంత బరువు ఒకటిన్నర కిలో, అది కీలుకు 15 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుందనుకుందాం. తూగుడుబల్ల మీద లాగే, బలాన్ని కీలు నుంచి దాని దూరంతో గుణిస్తే వచ్చే లెక్క రెండు వైపులా సమానం కావాలి. బరువుల వైపు లెక్క 5ను 35తో, ఒకటిన్నరను 15తో గుణించి కలిపితే 197.5 వస్తుంది. దాన్ని 4తో భాగిస్తే 49. అంటే 5 కిలోలు పట్టుకోవడానికి వంచే కండరాలు సుమారు 49 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగాలి. కండరం పైకి 49 లాగుతోంది, బరువులన్నీ కలిపి కిందికి లాగేది ఆరున్నర మాత్రమే. మిగిలిన 42 కిలోలకు పైబడిన బలంతో ముంజేతి ఎముకలు దండచేతి ఎముకను కీలు దగ్గర నొక్కుతూ ఉంటాయి. చేతిలో ఉన్నది 5 కిలోలే అయినా, కీలు అనుభవించేది దానికి ఎనిమిది రెట్లకు పైన.

ఇది నష్టదాయకమైన ఏర్పాటులా కనిపిస్తుంది గానీ, దీనికి ప్రతిఫలం వేగం. కండరం రెండు సెంటీమీటర్లు ముడుచుకుంటే అరచేయి సుమారు 17 సెంటీమీటర్లు కదులుతుంది. రాయి విసరడానికీ, పడబోతూ చప్పున ఆసరా పట్టుకోవడానికీ ఈ వేగమే కావాలి. ఎత్తే బరువుకన్నా కండరాలు పెట్టే బలం ఎన్నో రెట్లు ఎక్కువని మొదట లెక్కకట్టి చూపినవాడు 17వ శతాబ్దపు ఇటలీ శాస్త్రవేత్త జొవాన్నీ అల్ఫోన్సో బొరెల్లీ. అంతకుముందు దీనికి విరుద్ధమైన నమ్మకమే చాలాకాలం సాగింది.

ఈ లెక్కతోనే మీ మూడవ ప్రశ్నకు వద్దాం. 60 కిలోల మనిషి కుడికాలి మీద ఒంటికాలితో నిలబడ్డాడనుకోండి. నడకలో ప్రతి అడుగుకూ మనం కాసేపు ఇలాగే నిలబడతాం. నేల మీద ఆనిన కాలి బరువు తీసేస్తే కుడి తుంటి కీలు మోయవలసింది సుమారు 50 కిలోలు. ఆ బరువు కీలుకు నేరుగా పైన ఉండదు, ఒంటి మధ్య వైపు సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో పడుతుంది. దాంతో కటి, అంటే రెండు తుంటి కీళ్ళనూ కలిపే ఎముకల గిన్నె, ఎడమ వైపుకు ఒరిగిపోబోతుంది. అలా ఒరగకుండా తుంటి బయటివైపున ఉన్న గ్లూటియస్ మీడియస్, గ్లూటియస్ మినిమస్ కండరాలు కటిని కిందికి లాగి పట్టుకుంటాయి. ఆ కండరాలకు కీలు నుంచి ఉన్న దూరం సుమారు 5 సెంటీమీటర్లే. 50ని 10తో గుణించి 5తో భాగిస్తే కండరం లాగవలసిన బలం 100 కిలోలు. కీలు మీద పడేది బరువు 50, కండరం లాగుడు 100, మొత్తం 150 కిలోలు, అంటే ఒంటి బరువుకు రెండున్నర రెట్లు. ఈ కండరాలు బలహీనపడినవారు ఆ కాలి మీద నిలబడితే రెండో వైపు కటి కిందికి జారిపోతుంది. ఈ పరీక్షను 1895లో వర్ణించిన జర్మన్ శస్త్రవైద్యుడు ఫ్రీడ్రిష్ ట్రెండెలెన్‌బర్గ్ పేరుతోనే వైద్యులు దాన్ని నేటికీ పిలుస్తారు.

ఇప్పుడు అదే మనిషి ఎడమ చేతిలోని కర్ర మీద 5 కిలోల బలం మోపాడనుకోండి. కుడి తుంటి కీలు నుంచి ఆ చేతికి దూరం సుమారు 40 సెంటీమీటర్లు ఉంటుంది. కటిని ఎడమకు ఒరగనీయకుండా కర్ర ఆపే లెక్క 5ను 40తో గుణిస్తే 200. మొదటి లెక్కలోని 500 నుంచి అది పోగా మిగిలిన 300ను 5తో భాగిస్తే, కండరం లాగవలసింది 60 కిలోలకు తగ్గింది. కీలు మీద పడే బరువు కూడా 50 నుంచి 45కు తగ్గింది. రెండూ కలిపి 105. కర్ర మీద మోపినది 5 కిలోలే, కుడి తుంటి మీద తగ్గినది 45 కిలోలు. కర్రను నొప్పి ఉన్న వైపే పట్టుకుంటే, నేల నుంచి వచ్చే ఆసరా కీలుకు బయటివైపున పైకి నెడుతుంది. అది కటిని ఎడమకు ఒరిగించే దిశే గానీ ఆపే దిశ కాదు, కనుక కండరం శ్రమ తగ్గదు. అప్పుడు రోగి ఒంటిని మొత్తంగా కుడికి వాల్చి కుంటుతూ నడిస్తే గానీ ఉపశమనం దొరకదు. కొలతలు మనిషిని బట్టి కొంత మారతాయి, కానీ మీ కుటుంబంలో ఎవరైనా నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకుని నడుస్తుంటే ఒక్కసారి చేయి మార్చి చూడమనండి. కర్రనూ నొప్పి ఉన్న కాలినీ కలిపి ముందుకు వేయాలి. కర్ర పిడి, చేయి కిందికి వేలాడదీసినప్పుడు మణికట్టు ఉండే ఎత్తులో ఉండాలి.